నిరాశ, సిగ్గు అని రాస్తే సరిపోతుందా? పిల్లల గోడపటానికి మాటలు కావాలి

అచ్చుముచ్చట (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లలతో, మనసులో ఉన్నది బయటికి చెప్పుకోలేని పిల్లలతో పనిచేస్తాను. ఎక్కువమంది ఆరు నుంచి పదేళ్ల లోపు వాళ్లు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వాళ్ల కోసం ఒక గోడపటం తయారుచేస్తున్నాం. వరసగా మొహాల బొమ్మలుంటాయి. తనకు ఎలా ఉందో పిల్లాడు ఆ మొహం మీద వేలు పెట్టి చూపిస్తాడు, కింద ఉన్న మాట మేం చదివి వినిపిస్తాం. పోనుపోను ఆ మాట వాడే అంటాడు. సంతోషం, కోపం, భయం దాకా సాఫీగా సాగింది. రెండు మొహాల దగ్గర ఆగిపోయాం.

మొదటిది: ఆదివారం కైలాసగిరి తీసుకెళ్తానన్న నాన్న, డ్యూటీ పడింది రాలేనని ఫోన్ చేశాడు. రెండోది: పంద్రాగస్టు నాడు స్టేజి ఎక్కి, పద్యం మరిచిపోయి, అందరూ నవ్వుతుంటే నిలబడిపోయిన పాప.

బజారులో దొరికే పటాల్లో మొదటిదానికి 'నిరాశ' అనీ, రెండోదానికి 'సిగ్గు' అనో 'ఇబ్బంది' అనో వేస్తున్నారు. నిరాశ అన్న మాట ఎనిమిదేళ్ల పిల్లాడి నోట నేనెప్పుడూ వినలేదు. సిగ్గు అనగానే మా పిల్లలకు పెళ్లికూతురు గుర్తొస్తోంది. మీ ఇళ్లలో, మీ ఊళ్లలో ఇలాంటప్పుడు పిల్లలు ఏమంటారు? వాళ్లను చూసి పెద్దలు ఏమంటారు? నిఘంటువులో మాట కాదండీ, నోట్లో మాట కావాలి.

గట్టుమీదగాలి (రాజమహేంద్రవరం)

మొదటిదానికి మావైపు మాట 'ఉసూరుమంది'. 'వస్తామని ఫోన్ చేసి రాలేదు, పిల్లలకి ప్రాణం ఉసూరుమంది' అంటాం. ఊపిరి వదిలేటప్పుడు వచ్చే చప్పుడే ఆ మాట. మీరు పిల్లలకి చెప్పేటప్పుడు నిజంగానే ఊపిరి వదిలి, భుజాలు జార్చి చూపించొచ్చు. అర్థం విడిగా వివరించే పనే ఉండదు.

పాలమూరిపోరి (మహబూబ్‌నగర్)

మా దిక్కు ఉసూరు అనేది తక్కువ. పిల్లగాడు నారాజైండు అంటం. 'డాడీ రానన్నడని పొద్దటిసంది నారాజ్‌గ కూసున్నడు', ఇట్ల. ఉర్దూల నారాజ్ అంటే కోపమే ఎక్కువ, మా నోట్ల పడ్డంక కోపం తగ్గి బాధ పెరిగింది. ఇంకోటి, నారాజ్ అయ్యేది మనోళ్ల మీదనే. దారిన పోయేటోని మీద ఎవరూ నారాజ్ కారు. పేపర్లల్ల గూడ టికెట్ రాని లీడర్లు నారాజ్ అని రాస్తరు. వాళ్లు పార్టీ ఇడిశి పోయినంక మళ్ల ఆ మాట రాయరు.

రెండోదానికి ఇజ్జత్ అంటం. 'అందరి ముంగట ఇజ్జత్ పోయింది.' చిన్నపిల్లలు గూడ అంటరు, దోస్తులు నవ్వితే 'నా ఇజ్జత్ తీసినవ్‌రా' అని.

కొత్తచిగురు (గుంటూరు)

డీలా పడ్డాడు అనరా? నీరుగారిపోయాడు అని కూడా అంటాం.

గట్టుమీదగాలి (రాజమహేంద్రవరం)

అంటాం. కానీ అవి పక్కవాళ్లు అనే మాటలు. 'నేను డీలా పడ్డాను' అని పిల్లాడు తన గురించి తాను చెప్పుకోడు. నీరుగారిపోవడం అంతకన్నా పెద్దది, చాలాకాలం పట్టుకున్న పట్టు సడలిపోవడం. పరీక్షలో రెండుసార్లు తప్పినవాడికి వాడతాం గానీ కైలాసగిరి పోలేదని వాడం.

పాతపుస్తకం (తెనాలి)

నిరాశ పిల్లల నోట్లో ఎందుకు ఒదగదో దాని పుట్టుక చూస్తే కొంత తెలుస్తుంది. సంస్కృతంలో నిరాశ అంటే ఆశ తీరనందువల్ల కలిగే బాధ కాదు, అసలు ఆశే లేకపోవడం. అది విరాగి లక్షణం. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. వాళ్లలో ఒకరు విదేహ నగరంలోని పింగళ అనే వేశ్య. ఆవిడ సింగారించుకుని, డబ్బున్నవాడు ఎవడైనా రాకపోతాడా అని వాకిట్లో నిలబడుతుంది. వీడు కాకపోతే వెనకవాడు వస్తాడనుకుంటుంది. లోపలికి పోతుంది, మళ్లీ బయటికి వస్తుంది. అర్ధరాత్రి అయినా ఎవరూ రారు. మొహం వాడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆవిడకు విరక్తి కలిగి, ఆశ తెంచుకుని, హాయిగా నిద్రపోతుంది. 'ఆశా హి పరమం దుఃఖం, నైరాశ్యం పరమం సుఖం' అన్నది ఆ కథ ముగిసే చోట వచ్చే మాట.

అదే నైరాశ్యం ఇవాళ 'యువతలో నైరాశ్యం' అని పత్రికల్లో వస్తోంది. నిస్పృహదీ అదే దారి. గీత రెండో అధ్యాయం 71వ శ్లోకంలో, కోరికలన్నీ విడిచి నిస్పృహుడై తిరిగేవాడు శాంతి పొందుతాడని ఉంది. మనం 'నిరాశా నిస్పృహలు' అని జంట కట్టి, రెంటినీ మనిషి కుంగిపోవడానికి పేరుగా చేసుకున్నాం. భాష అలా మారడంలో తప్పు లేదు, ఇప్పుడు వాటి అర్థం ఇదే. కానీ ఆ బరువు మాత్రం మిగిలిపోయింది. నిరాశ అంటే ఇక ఆశ లేదు అన్న ధ్వని వినిపిస్తుంది. మీ పిల్లాడికి వచ్చే ఆదివారం మీద ఆశ ఉండే ఉంటుంది. అందుకే ఆ మాట వాడికి పెద్దదైపోయింది.

సరిగ్గా అతికే మాట ఆశాభంగం. పిల్లలు పలకరు, నిజమే. కానీ దానిలో ఒక క్రమం ఉంది, ముందు ఆశపడాలి, తర్వాత అది భంగం కావాలి. మీ పటంలో ఈ క్రమం కనిపించేలా చూడండి. 'గంపెడాశ పెట్టుకున్నాడు' అన్నది మొదటి బొమ్మ కావచ్చు.

అర్ధరాత్రిడెస్కు (విజయవాడ)

పత్రికలో చాలాకాలం సబ్‌ఎడిటర్‌గా చేశాను. మా దగ్గర ఈ భావానికి మాటల కొరత ఉండేది కాదు, శీర్షికలో పట్టాలి కాబట్టి పొట్టి మాటలు వెతుక్కునేవాళ్లం. కోర్టులో పిటిషన్ కొట్టేస్తే 'చుక్కెదురు'. చుక్క అంటే ఇక్కడ శుక్రుడు. శుక్రుడు ఎదురుగా ఉన్న దిక్కుకు ప్రయాణం కూడదన్న పాత నమ్మకంలోంచి వచ్చింది, ముఖ్యంగా కొత్త కోడలిని పంపేటప్పుడు చూసేవారు. బడ్జెట్‌లో నిధులు రాకపోతే 'మొండిచేయి'. నామినేషన్ వేసి గెలవనివాడిది 'భంగపాటు'. బ్యాట్స్‌మన్ తక్కువకే అవుటైతే 'నిరాశపరిచాడు'.

గమనించండి, వీటిలో ఏదీ మనసులో ఎలా ఉందో చెప్పదు. ఏం జరిగిందో చెబుతుంది, అంతే. గోడపటానికి పత్రిక భాష దగ్గరికి పోకండి. 'ఆశలపై నీళ్లు చల్లారు' ఒక్కటే కొంచెం ఇంటి వాసన ఉన్న మాట, అది కూడా చేసినవాడి మీద ఫిర్యాదు.

చిత్రావతి (అనంతపురం)

మా పక్క 'బేజారు' ఉంది. కానీ జాగ్రత్త! తెలుగులో బేజారెత్తిపోయినాడు అంటే పని ఎక్కువై, గోల ఎక్కువై విసిగి వేసారినాడని. సరిహద్దు దాటి కన్నడం లోకి పోతే బేజారు అంటే మనసు నొచ్చుకోవడం, దిగులు, ఏమీ తోచకపోవడం కూడా. హిందూపురం, మడకశిర పక్క తెలుగు మాట్లాడేవాళ్లు రెండోదే ఎక్కువ వాడతారు. 'నువ్వు రాలేదని బేజారయింది' అంటే నీ మీద విసుగు వచ్చిందని కాదు, నువ్వు వస్తావని ఎంతో అనుకుంటిని అని. బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలకు ఈ మాట బాగా తెలుసు.

ఇరుగుతెలుగు (హోసూరు)

మా ఇళ్లలో 'ఏమారిపోతిమి' అంటాము. తమిళంలో ఏమాట్రం అంటే మోసపోవడమూ అదే, ఆశ తీరకపోవడమూ అదే. ఆంధ్రలో ఏమార్చడం అంటే మోసం చేయడం, ఏమరుపాటు అంటే మనసు అక్కడ లేకపోవడం. మాకు మూడూ కలిసిపోయినాయి. 'బస్సు వస్తుందని నిలబడి ఏమారిపోతిమి' అంటే బస్సు మోసం చేసిందని కాదు గదా. ఆశపడినవాడు కొంచెం తనను తానే తప్పు పట్టుకోవడం ఆ మాటలో ఉంది. పిల్లలకు అది నేర్పించాలా అని నాకు అనుమానమే.

విభక్తి (హనుమకొండ)

రెండో మొహం సంగతికి వస్తాను. 'సిగ్గు' అని నామవాచకం రాయడం దగ్గరే చిక్కు ఉంది.

ఆకలేసింది, చలేసింది, భయమేసింది, విసుగేసింది, జాలేసింది, సిగ్గేసింది. వీటన్నిటికీ ముందు 'నాకు' వస్తుంది. నేను చేసింది కాదు, నా మీదికి వచ్చింది. అదే 'పడు' చేర్చి భయపడ్డాను, సిగ్గుపడ్డాను, బాధపడ్డాను అంటే 'నేను' వస్తుంది. నిరాశకు 'పడు' అతుకుతుంది, 'వేయు' అతకదు. నిరాశేసింది అని ఎవరూ అనరు. చాలావరకు, వేసింది అని గానీ వచ్చింది అని గానీ అతికితే అది ఇంట్లో మాట. చెందాను, లోనయ్యాను, గురయ్యాను మాత్రమే అతికితే అది పుస్తకంలో మాట. మీరు పటంలో పెట్టాలనుకున్న ప్రతి మాటకూ ఇలా చేర్చి చూడండి.

ఇంకొకటి, 'చిన్న' మీద కట్టిన మూడు క్రియలు. మొహం చిన్నబోయింది: ఎవరి ప్రమేయం లేకుండా దానంతట అది జరిగింది. నలుగురిలో చిన్నబుచ్చారు: ఒకరు చేశారు. ఆవిడ చిన్నబుచ్చుకుంది: ఎదుటివాళ్లు కావాలని చేశారో లేదో గానీ ఆవిడ మనసుకు పట్టించుకుంది. పెళ్లిపిలుపు ఫోన్లో చెప్పినందుకు చిన్నబుచ్చుకున్న చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మీ రెండు సందర్భాలనూ కలిపి చెప్పగల మాట ఏదైనా ఉందంటే అది 'మొహం చిన్నబోయింది' ఒక్కటే. నాన్న రానన్నా చిన్నబోతుంది, పద్యం మరిచిపోయినా చిన్నబోతుంది.

నాగావళిటీచర్ (శ్రీకాకుళం)

నేను ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. సిగ్గు అన్న మాట వద్దనే చెబుతాను. మా బడిలో అది ఎక్కువగా వినిపించేది 'సిగ్గు లేదా', 'సిగ్గుండాలి' అన్న రూపాల్లోనే. సిగ్గూ శరం, సిగ్గూ ఎగ్గూ అని జంటలు కట్టి మరీ తిడతాం. ఇంట్లో అలాంటి తిట్లు తిన్న పిల్లాడికి ఆ మాట గోడ మీద కనిపిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆడపిల్లలకైతే ఇంకో బరువు కూడా ఉంది. మగపిల్లాడికి సిగ్గేంటి అంటారు, ఆడపిల్లకు సిగ్గుండాలి అంటారు. ఒకే మాట ఒకరికి లోపం, ఒకరికి అలంకారం.

పద్యం మరిచిపోయిన పాప ఏ తప్పూ చేయలేదు. ఆమె చేతికి ఇచ్చే మాటలో తప్పు చేశావన్న వాసన ఉండకూడదు.

విభక్తి (హనుమకొండ)

టీచర్ గారూ, మీ అభ్యంతరం సరైనదే. అందుకే నామవాచకం వద్దంటున్నాను. 'సిగ్గు లేదా' అన్నది ఎదుటివాడి గుణం మీద తీర్పు. 'నాకు సిగ్గేసింది' అన్నది ఆ పూట తనకు ఎలా అనిపించిందో తాను చెప్పుకోవడం. పిల్లలు రెండోదాన్ని తిట్టుగా తీసుకోగా నేను చూడలేదు. ఇంటికొచ్చి 'మిస్ అందరి ముందు లేపింది, నాకు సిగ్గేసింది' అని చెప్పే పిల్లలు ఎందరో.

నాగావళిటీచర్ (శ్రీకాకుళం)

చెప్పగలిగిన పిల్లలు చెబుతారండి. ఈ పటం చెప్పలేని పిల్లల కోసం. నా భయం అక్కడే ఉంది.

మరువం (నెల్లూరు)

మొహమాటం అని పెట్టకూడదా?

గట్టుమీదగాలి (రాజమహేంద్రవరం)

మొహమాటం వేరండీ. అది ముందు వస్తుంది, చేయబోయేదాన్ని ఆపుతుంది. ఇంకో గారె వెయ్యనా అంటే కడుపులో చోటున్నా చాలండి అనడం మొహమాటం. సిగ్గేయడం జరిగిపోయాక. పాత నిఘంటువుల్లో మొగమోటము అని కూడా కనిపిస్తుంది, ఎదుటి మొహం చూసి వెనక్కి తగ్గడమే దాని సారం. నామోషీ ఇంకా వేరు. అక్కడ పొరపాటు జరగనక్కర్లేదు, ఎవరూ నవ్వనక్కర్లేదు. తన అంతస్తుకు తగని పని అనిపిస్తే చాలు. పొలంలోకి దిగడం నామోషీ, సైకిల్ మీద వెళ్లడం నామోషీ. 'నామర్దా' కూడా అక్కడే వాడతారు, దానిలో మగతనం లెక్క ఒకటి దాగి ఉంది కాబట్టి నేను వాడను. తలవంపులు మన వల్ల రావు, మనవాళ్ల వల్ల వస్తాయి. కొడుకు చేసిన పనికి తండ్రికి తలవంపులు. నగుబాటు, నవ్వులపాలు, అభాసుపాలు, ఈ మూడింటికీ నవ్వేవాళ్లు ఉండాలి. అప్పు ఇచ్చినవాడు చుట్టాల ముందు గడపలో నిలబడి అడిగితే 'తల కొట్టేసినట్టయింది' అంటాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మెడ దగ్గర జలదరిస్తుంది, అంత నిజమైన మాట.

మన భాషలో ఈ భావాన్ని పంచుకున్న తీరు ఇది: ఎవరి వల్ల, ఎవరి ముందు, ముందా తర్వాతా. ఒక్క మాట కింద అన్నీ పెట్టాలంటే కుదరదు.

లాస్ట్‌బెంచ్ (కాకినాడ)

మేం ఫ్రెండ్స్ మధ్య వాడేది క్రింజ్. వేరేవాళ్లు చేసేది చూసి మనకి సిగ్గేస్తే. దానికి తెలుగులో ఏముంది?

కొత్తచిగురు (గుంటూరు)

ఎబ్బెట్టు. 'పెళ్లిలో ఆయన డాన్స్ ఎబ్బెట్టుగా ఉంది.' మా అమ్మ రోజూ వాడుతుంది. మాట మన ఇంట్లోనే ఉంది, మనమే పిలవడం మానేశాం.

బొమ్మలగీత (చీరాల)

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. మాటకన్నా ముందు మొహం సంగతి చూడాలని నా మనవి. దొరికే పటాల్లో రెండో మొహానికి రెండు బుగ్గల మీద గులాబీ చుక్కలు పెడతారు. 1872లో భావాల వ్యక్తీకరణ మీద రాసిన పుస్తకంలో డార్విన్ మొహం ఎర్రబడటానికి ఒక అధ్యాయమే కేటాయించాడు, మనిషికే ప్రత్యేకమైన లక్షణం అదేనన్నాడు. నిజమే, అందరికీ రక్తం బుగ్గల్లోకి వస్తుంది. కానీ మన చామనఛాయ, నల్లని మొహాల మీద అది పక్కవాడికి అంత తెలియదు. మన పిల్లలు సిగ్గును ఎర్రదనంలో చూసి నేర్చుకోలేదు. నేను పిల్లలకు ఆ గులాబీ బుగ్గల బొమ్మ చూపిస్తే జ్వరం అన్నవాళ్లున్నారు, పౌడర్ ఎక్కువైంది అన్నవాళ్లున్నారు.

మరి మనం దేన్ని చూసి గుర్తుపడతాం? నాలుక కరుచుకోవడం. చిన్న పొరపాటు జరగ్గానే నాలుక కొంచెం బయటపెట్టి పళ్ల మధ్య నొక్కడం, కళ్లు పెద్దవి చేయడం. తల గోక్కోవడం. ఆడపిల్లలైతే జడ కొస, మగపిల్లలైతే చొక్కా అంచు నోట్లో పెట్టుకోవడం. అమ్మ కొంగు వెనక్కి వెళ్లిపోవడం. కాలి బొటనవేలితో నేల మీద రాయడం. నీళ్లు నమలడం అని మనం అనేది కూడా మొహంలో కనిపించేదే, దవడ కదులుతుంది, మాట బయటికి రాదు. బిక్కమొహం వేరు, తెల్లమొహం వేరు. బిక్కమొహంలో ఏడుపు దగ్గర్లో ఉంటుంది, తెల్లమొహంలో అసలు ఏం జరిగిందో ఇంకా అర్థం కాలేదు.

రెండింటికీ రెండు బొమ్మలు వేసి పంపగలను. చిన్న పొరపాటుకు నాలుక కరుచుకున్న మొహం ఒకటి. స్టేజి మీద పాపది అది కాదు, ఆమె నాలుక కరుచుకోదు. ఆమెకు తల వాలిపోవాలి, చేతులు గౌను పట్టుకోవాలి. ఇవి రెండూ ఒకే భావం కావని నా అనుమానం.

మువ్వలపిలుపు (కూచిపూడి)

గీత గారూ, మీరు చెప్పినవి చాలావరకు నాట్యశాస్త్రంలో ఉన్నాయి. భరతుడు చెప్పిన 33 సంచారి భావాల్లో, అంటే మనసులో వచ్చి పోయే భావాల్లో, వ్రీడ ఒకటి. వ్రీడ అంటే సిగ్గే. చేయకూడనిది చేసినప్పుడు కలిగేది. మొహం దాచుకోవడం, తల వంచి ఆలోచించడం, నేల మీద గీతలు గీయడం, బట్టనూ ఉంగరాన్నీ తాకడం, గోళ్లు గిల్లుకోవడం, ఇవి దానికి అభినయాలుగా చెప్పాడు. మేం పిల్లలకు నేర్పేది ఇదే. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా మన బడిపిల్లలు అదే చేస్తున్నారంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

అచ్చుముచ్చట గారు తప్పక చూడాల్సింది ఇంకొకటి ఉంది, అవహిత్థ. లోపల ఉన్నది మొహం మీద కనిపించకుండా దాచడం. సిగ్గు వల్లా, భయం వల్లా, ఓటమి వల్లా కలుగుతుందని చెప్పారు. మాట మార్చడం, వేరే వైపు చూడడం, తెచ్చిపెట్టుకున్న ధైర్యం. నాన్న రానన్నాక 'నాకేం అక్కర్లేదులే, అక్కడ బోరు' అనే పిల్లాడు చేసేది అదే. ఆ పిల్లాడికి మీ పటంలో మొహం ఉందా?

అచ్చుముచ్చట (విశాఖపట్నం)

లేదండి. అది మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువగా చూసేదే, పటంలో పెట్టాలన్న ఆలోచన మాత్రం రాలేదు. 'ఏం లేదు' అన్న మాటే దానికి పేరుగా పెట్టాలనిపిస్తోంది. పిల్లాడు 'ఏం లేదు' మొహం మీద వేలు పెడితే, ఏదో ఉందని చెప్పుకోవడానికి వాడికి ఒక దారి దొరికినట్టే.

గీత గారి అనుమానం మా పనిలోనూ ఎదురవుతుంది. అద్దంలో ఉన్నది తానేనని పిల్లలు ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య గుర్తుపడతారు. నలుగురూ చూస్తుంటే ఇరుకున పడటం ఆ తర్వాతే కనిపిస్తుంది. నేను తప్పు చేశాను అన్న భావం ఇంకొంత ఆలస్యం. మొదటిదానికి తప్పు చేయనక్కర్లేదు, అందరూ ఒక్కసారి తనవైపు చూస్తే చాలు. పుట్టినరోజు పాట పాడుతుంటే తల వంచుకునే పిల్లలు ఏం తప్పు చేశారు? కాబట్టి టీచర్ గారి భయం నాకు అర్థమైంది. తప్పును, చూపును విడదీయాలి.

ఒడిబియ్యం (డాలస్)

ఇక్కడి నుంచి ఒక మాట. మా పిల్లల బడిలో పెద్దలు 'నీ ప్రవర్తన నన్ను నిరాశపరిచింది' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో మందలిస్తారు. ఇంట్లో తల్లిదండ్రులం దాన్నే తెలుగు చేసి 'నీ విషయంలో నాకు నిరాశగా ఉంది' అనడం మొదలుపెట్టాం. వినడానికి ఎవరో ఆఫీసు వాళ్లు ఉత్తరం రాసినట్టుంది. మా నాన్న అయితే 'నీ దగ్గర ఇది అనుకోలేదమ్మా' అనేవారు, అంతే. గొంతు పెంచేవారు కాదు. ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. 'అనుకోలేదు' అన్న ఒక్క క్రియ చాలు మనకు. మీ పిల్లాడి నోటికి కూడా అదే సరిపోతుందేమో, 'నేను ఇలా అనుకోలేదు'.

పాతపుస్తకం (తెనాలి)

బాగా చెప్పారు. 'అనుకున్నాను, అవలేదు'. ఆశాభంగమంతా ఆ రెండు క్రియల్లో ఉంది.

అచ్చుముచ్చట (విశాఖపట్నం)

అందరి మాటలూ చదివి మా బృందం కూర్చుని తేల్చింది ఇది. నామవాచకాలు తీసేశాం. ప్రతి మొహం కింద పిల్లాడు తన నోటితో అనగలిగే వాక్యం ఉంటుంది. మొదటి మొహానికి 'అనుకున్నాను, అవలేదు'. పెద్దలు చదివి వినిపించేటప్పుడు ఊపిరి వదిలి 'ఉసూరుమంది కదా' అని కలుపుతాం. స్టేజి మీద పాప మొహానికి 'అందరూ చూశారు, నాకు సిగ్గేసింది'. టీచర్ గారు కోరినట్టు తప్పు అన్న ఊసు లేకుండా, చూపు అన్న కారణం ముందు పెట్టాం. నాలుక కరుచుకున్న మొహానికి 'అయ్యో, మర్చిపోయా'. ఇది నవ్వొచ్చే మొహం, పిల్లలు దీనితో మొదలుపెడతారని నా నమ్మకం. నాలుగోది 'ఏం లేదు'. 'మొహం చిన్నబోయింది' అన్నది పిల్లలకు కాదు, తల్లిదండ్రులకు ఇచ్చే కాగితంలో ఉంటుంది, గమనించాల్సిన గుర్తుగా.

నాగావళిటీచర్ (శ్రీకాకుళం)

'అందరూ చూశారు' ముందు పెట్టడం నచ్చింది. అయినా నా మాట ఒకటి: వాక్యం మొదటి సగం మీదే వేలు పెట్టే పిల్లలుంటారు. 'అందరూ చూశారు' దగ్గరే ఆగిపోతే ఆగనివ్వండి, సిగ్గేసింది అని పూర్తి చేయించొద్దు.

అచ్చుముచ్చట (విశాఖపట్నం)

రెండు సగాలనూ రెండు గీతల మీద విడిగా అచ్చు వేయిస్తాం. పూర్తి చేయించవద్దని టీచర్ల కాగితంలో రాస్తాం.

పాలమూరిపోరి (మహబూబ్‌నగర్)

అక్కా, మా పిల్లలకు పంపేటిదాంట్ల 'అవలేదు' అని పెట్టకుర్రి, 'కాలేదు' అని పెట్టుర్రి. 'అనుకున్న, కాలేదు.' 'సిగ్గేసింది' కూడా అర్థమైతది గని మా పిల్లలు అనేది 'సిగ్గయింది'. ఉసూరు జాగల నారాజ్ పెడితే మంచిగుంటది. గోడ మీది మాట ఇంట్ల మాట కాకపోతే పిల్లలు దాన్ని బడి పాఠం అనుకుంటరు.

అచ్చుముచ్చట (విశాఖపట్నం)

తప్పకుండా. తెలంగాణకు వేరే అచ్చు వేస్తాం. అచ్చుకు ఇచ్చేలోపు మీ దగ్గరి పిల్లలకు ఈ నాలుగు వాక్యాలూ చదివి వినిపించి, వాళ్లు వెంటనే తిరిగి ఏమన్నారో అలాగే రాసి పంపగలరా? సరిదిద్దకుండా, వాళ్లు అన్నది అన్నట్టు.

పాలమూరిపోరి (మహబూబ్‌నగర్)

పంపుత. సోమవారం నుంచి బడి ఉన్నది. బొమ్మలు గూడ పెట్టుర్రి, గీతక్క వేసినవి. ఉత్తగ చదివితే మా చిన్నోళ్లు నా మొహం చూస్తరు తప్ప మాట్లాడరు.